మోగకపోతే క్షేమమేనా?

మిక్సీ పాడైతే ఆ పూట పచ్చడి దగ్గరే తెలిసిపోతుంది. ఫ్యాను ఆగితే నిద్రలోనే తెలుస్తుంది. దొంగల భయంతో ఇంటికి పెట్టించుకున్న అలారం సంగతి అలా కాదు. బాగున్నన్నాళ్లూ అది నోరు మెదపదు, పాడైపోయినా మెదపదు. హాల్లో గోడ మీది తెల్లడబ్బా నాలుగేళ్లుగా నిశ్శబ్దంగా ఉందంటే ఇంటి జోలికి ఎవరూ రాలేదనా, లేక డబ్బాలో ప్రాణం పోయి మూడేళ్లయిందనా? బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. ఈ రెండు నిశ్శబ్దాలనూ వేరుచేసి చూపడానికి నూట డెబ్భై ఏళ్లకు పైగా ఇంజనీర్లు తిప్పలు పడుతూనే ఉన్నారు. వాళ్ల వంతు చాలావరకు పూర్తయింది. మిగిలిన సగం ఇంటివాళ్ల వంతు, మామూలుగా ఆగిపోయేది అక్కడే.

కరెంటుతో మోగే దొంగల గంటకు 1853లో పేటెంటు తీసుకున్నాయన అగస్టస్ రస్సెల్ పోప్. అమెరికాలో బోస్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న సోమర్‌విల్ ఆయనది. ఇళ్లకు కరెంటు దీపాలు రావడానికి ఇంకా పాతికేళ్లకు పైగా ఉంది కనుక ఆ గంటకు బ్యాటరీయే ఆధారం. తలుపో కిటికీయో తెరిస్తే వలయం పూర్తయి కరెంటు పారేది, విద్యుదయస్కాంతం చిన్న సుత్తిని ఆడించేది, గంట మోగేది. ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి 1857లో ఆ హక్కులు కొనుక్కున్నాడు. రెండేళ్ల తర్వాత మకాం న్యూయార్క్‌కు మార్చాడు. దొంగలు ఎక్కువున్న ఊళ్లోనే దొంగల గంటలు అమ్ముడవుతాయని ఆయన లెక్క. 1877లో ఆయన కొడుకు బోస్టన్‌లో ఆ అలారం తీగలనే పగటిపూట టెలిఫోన్లకు వాడి చూశాడు. రాత్రయితే అవే తీగల మీద దొంగల గంటలు. తొలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి ప్రయోగాల్లో అదొకటని చరిత్రలో రాసి ఉంది.

పోప్ గంటలో ఒక లొసుగుంది. కరెంటు పారితే గంట మోగుతుంది, పారకపోతే మోగదు. మరి తీగను ఎలుక కొరికితే? ఎవరైనా కత్తిరిస్తే? బ్యాటరీ అయిపోతే? అప్పుడూ కరెంటు పారదు, గంట మోగదు, ఇల్లు క్షేమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. దీనికి విరుగుడు వలయాన్ని తలకిందులు చేయడం. తలుపు మూసి ఉన్నంతసేపూ తీగలో సన్నగా కరెంటు పారుతూనే ఉండాలి. ఆ ప్రవాహం ఏ కారణం చేత ఆగినా, తలుపు తెరిచినా తీగ తెగినా, గంట మోగాలి. ఈ ఏర్పాటులో నిశ్శబ్దం ఊరికే రాదు. ప్రతి క్షణం కొద్దిగా కరెంటు ఖర్చుపెడితేనే వస్తుంది. ఈ రోజు మన ఇళ్లలో బిగిస్తున్న తీగల అలారం ప్యానెళ్లు ఎక్కువగా ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

అక్కడితో తగువు తీరలేదు. తీగ తెగడం ఒక రకం దెబ్బయితే, రెండు తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ కావడం మరో రకం. షార్టయితే కరెంటు హాయిగా పారుతూనే ఉంటుంది, తలుపు బార్లా తెరిచినా ప్యానెల్‌కు తెలియదు. అందుకని తీగ చివర, సెన్సర్ దగ్గర, ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. ఇప్పుడు ప్యానెల్ చూసేది కరెంటు ఉందా లేదా అని మాత్రమే కాదు, ఎంత ఉంది అని. రెసిస్టర్ విలువకు సరిపడా ఉంటే క్షేమం. సున్నా అయితే తీగ తెగింది లేదా తలుపు తెరిచారు, మరీ ఎక్కువైతే షార్టయింది. రూపాయో రెండు రూపాయలో చేసే ఈ వస్తువు తీగ పొడవునా కాపలా కాస్తుంది. కానీ పని తొందరలో చాలామంది దాన్ని సెన్సర్ దగ్గర కాకుండా ప్యానెల్ డబ్బాలోనే బిగించి వెళ్లిపోతారు. అప్పుడది తన పక్కనున్న రెండంగుళాల తీగను మాత్రమే కాస్తుంది. మీ ఇంట్లో తీగల అలారం ఉంటే టెక్నీషియన్ వచ్చినప్పుడు ‘రెసిస్టర్లు ఎక్కడ పెట్టారు?’ అని ఒక్కమాట అడగండి. జవాబు చెప్పే తీరును బట్టే పనితనం తెలిసిపోతుంది.

తలుపుకు బిగించే సెన్సర్ చూడటానికి ప్లాస్టిక్ ముక్కలు రెండు. ఒకదాంట్లో అయస్కాంతం, రెండోదాంట్లో రీడ్ స్విచ్. బెల్ లేబొరేటరీస్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో తయారుచేసిన వస్తువిది. గాజుగొట్టంలో రెండు పల్చటి ఇనుము నికెల్ మిశ్రమ రేకులుంటాయి. అయస్కాంతం దగ్గరుంటే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. గొట్టం సీలు వేసి ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు, లక్షల సార్లు కలిసి విడిపోయినా అరగదు. కనుక రీడ్ స్విచ్ తనంతట తాను చెడిపోవడం అరుదు. చెడేది మన తలుపులే. వానాకాలం రాగానే చెక్క తలుపు ఉబ్బి గుమ్మంలో సరిగ్గా కూర్చోదు, అయస్కాంతానికీ స్విచ్‌కూ మధ్య ఎడం పెరుగుతుంది. అయస్కాంత బలం దూరంతో దారుణంగా పడిపోతుంది. చిన్న అయస్కాంతానికి కాస్త ఎడం వచ్చాక, దూరం రెట్టింపైతే బలం దాదాపు ఎనిమిదో వంతుకు దిగుతుంది. అర సెంటీమీటరు తేడా అర్ధరాత్రి సైరన్ మోగించగలదు. ఇనుప తలుపులకూ గ్రిల్ గేట్లకూ ఇంకో చిక్కు. చుట్టూ ఉన్న ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాగేసుకుంటుంది. వాటికి ఎడం ఎక్కువ తట్టుకునే పెద్ద సెన్సర్ కావాలి, లేదా మధ్యలో చెక్క బిళ్లో ప్లాస్టిక్ బిళ్లో వేసి ఎత్తుగా బిగించాలి.

అసలు సరదా గది మూలన ఉండే పిఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్‌లో ఉంది. కిందికి వంగి చూస్తున్నట్టుండే తెల్లటి గాజులాంటి ముఖం దానిది. చాలామంది దాన్ని కెమెరా అనుకుంటారు. అది బొమ్మలు చూడదు, తనంతట తాను ఏ కిరణాన్నీ పంపదు. వేడిలో మార్పును మాత్రం కనిపెడుతుంది. ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతకు తగ్గ పరారుణ కిరణాలు వెలువరిస్తూ ఉంటుంది. మన చర్మం 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది కనుక మన ఒంటి నుంచి వచ్చే కిరణాల్లో అత్యధిక భాగం 9.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉంటుంది. ఎర్రటి కాంతి తరంగం కన్నా అది పదమూడు, పద్నాలుగు రెట్లు పొడవు. కంటికి కనపడదు.

సెన్సర్ లోపల పైరోఎలక్ట్రిక్ పదార్థపు బిళ్లలు రెండుంటాయి. ఈ పదార్థం ఉష్ణోగ్రత మారుతున్నప్పుడు మాత్రమే విద్యుదావేశం చూపిస్తుంది, స్థిరంగా ఉంటే చప్పబడిపోతుంది. రెండు బిళ్లలనూ ఎదురెదురు ధ్రువాలతో కలుపుతారు. గది మొత్తం ఒకేసారి వేడెక్కితే రెండింటిలో పుట్టిన ఆవేశాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషి నడిచి వెళితే అతని వేడి ముందు ఒక బిళ్ల మీద, తర్వాత రెండోదాని మీద పడుతుంది. ఒకసారి ప్లస్, వెంటనే మైనస్. ఆ ఊగిసలాటే అలారానికి సంకేతం. గది మొత్తాన్ని చిన్న బిళ్లల మీదికి తెచ్చేది ఆ తెల్లటి ముఖం. అది గాజు కాదు, పల్చటి పాలిథీన్ పలక. దాని మీద సన్నటి గాళ్లు చెక్కి చాలా లెన్సుల పని చేయిస్తారు. ఫ్రాన్సులో ఓడల దీపస్తంభాల కోసం అగస్టీన్ ఫ్రెనెల్ 1820లలో కనిపెట్టిన లెన్స్ ఉపాయమిది. సముద్రం మీదికి వెలుగును పంపడానికి పుట్టిన ఆలోచన, ఇప్పుడు గదిలోని వేడిని లోపలికి పోగుచేస్తోంది.

ఇంతవరకూ తెలిస్తే సెన్సర్ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. తన వైపే నేరుగా నడిచొచ్చేవాడి కన్నా, అడ్డంగా దాటేవాడిని అది బాగా పట్టుకుంటుంది. అంచేత వచ్చేవాడు అడ్డంగా నడవక తప్పని మూల చూసి, ఏడెనిమిది అడుగుల ఎత్తున బిగించాలి. మామూలు గాజు పది మైక్రోమీటర్ల కిరణాలను పోనివ్వదు కాబట్టి కిటికీ అవతల నిలబడ్డవాడు పిఐఆర్‌కు కనపడడు. అయితే కిటికీలోంచి ఎండ వస్తుంది, ఆ ఎండకు పరదా వేడెక్కుతుంది, గాలికి పరదా ఊగుతుంది. వేడి వస్తువు కదిలింది కనుక సెన్సర్ దృష్టిలో అదీ మనిషే. ఏసీ గాలి సూటిగా తగిలే చోటా అంతే. మన ఇళ్లలో ఇంకొకటుంది, దేవుడి గది. పండక్కి ఊరెళుతూ పెద్ద ప్రమిద నిండా నూనె పోసి వెలిగించి వెళ్లే అలవాటున్నవాళ్లు, సెన్సర్ చూపు ఆ దీపం మీద పడకుండా చూసుకోవాలి. రెపరెపలాడే మంట, దాని మీద లేచే వేడిగాలి దానికి మంచి ఎర. (తాళం వేసిన ఇంట్లో దీపం వెలిగించి వెళ్లడం నిప్పుతో చెలగాటం కూడా. దేవుడు అర్థం చేసుకుంటాడనే నా నమ్మకం.)

బల్లి విషయం వేరే చెప్పాలి. బల్లి ఒంటి వేడి గోడ వేడితో దాదాపు సమానం, దూరంగా గోడ మీద పాకినంతసేపూ సెన్సర్ దాన్ని లెక్కచేయదు. కానీ అదే బల్లి సెన్సర్ ముఖం మీదికి ఎక్కిందంటే గదిలోంచి వస్తున్న కిరణాలకు హఠాత్తుగా అడ్డం పడుతుంది. అంత దగ్గరగా చిన్న జీవి కూడా కొండంతవుతుంది. సాలీళ్లు, చీమలు ఇంకా మొండివి. డబ్బాలోనే కాపురం పెడతాయి. తీగ లోపలికి వెళ్లే రంధ్రాన్ని కాస్త సిలికాన్‌తో మూసేస్తే అర్ధరాత్రి మోతలు చాలావరకు తగ్గుతాయి. ముఖం మీది దుమ్మును పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. థిన్నర్లు, స్పిరిట్లు తగిలించకూడదు. ఇంటికి రంగులు వేయించేటప్పుడు మరీ జాగ్రత్త. పెయింటర్ చేతి ఊపులో సెన్సర్ మీద కూడా ఒక కోటు లాగించేస్తే, గోడతో కలిసిపోయి చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఎర్ర లైటు కూడా వెలుగుతూ ఉండొచ్చు. చూపు మాత్రం పోయినట్టే.

ఇక మన వేసవి. పిఐఆర్ ఆధారపడేది మనిషికీ వెనకనున్న గోడకూ మధ్య వేడిలో ఉండే తేడా మీద. డిసెంబరు రాత్రి గోడ 22 డిగ్రీలు, మనిషి ఒళ్లు 33. తేడా బోలెడుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో తలుపులన్నీ మూసిన ఇంట్లో శ్లాబు రాత్రంతా వేడి కక్కుతుంటే గోడలు 34, 35 దగ్గర నిలబడతాయి. మనిషి ఒళ్లూ దాదాపు అంతే. బట్టలు కప్పిన భాగమైతే గది వేడికి ఇంకా దగ్గర. తేడా లేకపోతే సెన్సర్‌కు మనిషి లేనట్టే. విచిత్రమేమిటంటే మిట్టమధ్యాహ్నం గది 42కు చేరితే సెన్సర్‌కు మళ్లీ చూపొస్తుంది. చెమట పట్టిన మనిషి అప్పుడు గోడ కన్నా చల్లగా ఉంటాడు, చల్లటి వస్తువు కదిలినా అది మార్పే కదా. అసలు గండం నడిమధ్య ఉంది, దొంగలకు అనువైన వేసవి రాత్రుల్లో. మంచి రకం సెన్సర్లు గది వేడిని కొలుచుకుంటూ ఆ గండం దగ్గర తమ చురుకుదనాన్ని పెంచుకుంటాయి. ఇంకా మంచివి పిఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ రాడార్‌ను జతచేసుకుని వస్తాయి. రాడార్‌కు వేడితో పనిలేదు. తాను పంపిన తరంగం కదిలే వస్తువును తాకి తిరిగొచ్చినప్పుడు పౌనఃపున్యంలో వచ్చే మార్పును, అంటే డాప్లర్ ప్రభావాన్ని చూస్తుంది. అయితే పల్చటి గోడలూ తలుపులూ దాటి అపార్ట్‌మెంట్ కారిడార్‌లో నడిచేవాళ్లను కూడా పట్టుకుంటుంది కనుక, మామూలుగా రెండూ ఔనంటేనే అలారం మోగేలా పెడతారు. దానివల్ల ఉత్తుత్తి మోతలు తగ్గుతాయి, వేసవి గండం మాత్రం పూర్తిగా పోదు. వేడి ప్రాంతాల్లో పిఐఆర్‌లను మాత్రమే నమ్ముకోకుండా ప్రతి బయటి తలుపుకూ అయస్కాంతపు సెన్సర్ పెట్టించుకోమనేది ఇందుకే. టెక్నీషియన్ చలికాలంలో బిగించి, చలికాలంలో పరీక్షించి వెళ్లిన సెన్సర్‌ను మే నెలలో ఒక రాత్రి మీరే పరీక్షించుకోవాలి. ప్యానెల్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి, గదిలో మామూలుగా, తర్వాత మెల్లగా నడిచి, సెన్సర్ లైటు ఏ అడుగు దగ్గర వెలుగుతోందో చూడటమే ఆ పరీక్ష. నెలకోసారి చేస్తే మేలు, వేసవిలో తప్పనిసరి.

తీగల్లేని సెన్సర్ల కాలంలో పాత ప్రశ్న మళ్లీ లేచింది. తీగే లేనప్పుడు ఎప్పుడూ పారే కరెంటు ఎక్కడిది? దానికి బదులుగా మంచి వైర్‌లెస్ సెన్సర్లు ఏమీ జరగకపోయినా కొన్ని నిమిషాలకో గంటకో ఒకసారి ‘ఉన్నాను’ అని ప్యానెల్‌కు రేడియో సందేశం పంపుతూ ఉంటాయి. అనుకున్న గడువులోగా ఆ సందేశం రాకపోతే ప్యానెల్ ఫిర్యాదు చేస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 433 మెగాహెర్ట్జ్ కిట్లలో చాలావాటికి ఈ ఏర్పాటు లేదు. వాటి సెన్సర్ తలుపు తెరిచినప్పుడు ఒక్కసారి కూత పెట్టి ఊరుకుంటుంది. బ్యాటరీ అయిపోతే ఆ కూతా ఉండదు, లేదని చెప్పేవాడూ ఉండడు. 1853 నాటి పోప్ గంట లొసుగు రేడియో వేషంలో తిరిగొచ్చిందన్నమాట. కొనేముందు సెన్సర్లు ఎన్ని ఉన్నాయని చూడకుండా, ఒక సెన్సర్ బ్యాటరీ తీసేస్తే ప్యానెల్ ఎంతసేపట్లో గుర్తుపడుతుందో అడిగి చూడండి. వైర్‌లెస్ సెన్సర్లలో వాడే లిథియం బ్యాటరీలకు ఇంకో గుణముంది. చివరిదాకా మూడు వోల్టుల దగ్గర నిబ్బరంగా ఉండి, అయిపోయే ముందు చటుక్కున పడిపోతాయి. బ్యాటరీ తగ్గిందన్న హెచ్చరిక వచ్చాక ఎక్కువ రోజులుండవు. ఒకటి పోతే మిగతావీ అదే ఈడువి కనుక అన్నీ ఒకేసారి మార్చేయడం సుఖం.

ప్యానెల్ లోపలి పెద్ద బ్యాటరీ మాత్రం వేరే జాతి. ఎక్కువ ఇళ్లలో 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్, సెన్సర్లు కలిపి 150 మిల్లీఆంపియర్లు లాగుతాయనుకుంటే 7ను 0.15తో భాగిస్తే కాగితం మీద దాదాపు 47 గంటలు. కొత్త బ్యాటరీ దాని దరిదాపులకు వస్తుంది. రెండు మూడేళ్లు గడిచాక లెక్క తప్పుతుంది, కారణం వేడి. లోపలి రసాయన చర్యలన్నీ వేడికి వేగం పుంజుకుంటాయి. సీసపు పలకలు తినేయబడతాయి, ఆమ్లంలోని నీరు ఎండుతుంది. ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగానికి పడుతుందనేది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. 25 డిగ్రీల దగ్గర ఐదేళ్లని రాసి ఉన్న బ్యాటరీకి 35 దగ్గర రెండున్నరేళ్లు. హాలు అందం చెడకూడదని ప్యానెల్‌ను శ్లాబు కింద అటక మీదికి ఎక్కించేవాళ్లు బ్యాటరీని కుంపటి మీద పెడుతున్నారు.

ఈ బ్యాటరీ అబద్ధం కూడా ఆడుతుంది. ప్యానెల్ తెరిచి మీటరు పెడితే 13.6 వోల్టులు చూపించవచ్చు. ఆ అంకె బ్యాటరీది కాదు, దాన్ని నింపుతున్న ఛార్జరుది. నిజం తెలియాలంటే ప్యానెల్ మెయిన్ స్విచ్ ఆపేసి, ఇన్వర్టర్ మీద ఉంటే అదీ తప్పించి, రెండు గంటలు బ్యాటరీ మీదే నడవనిచ్చి, ఆ తర్వాత సైరన్ మోగించాలి. ముసలి బ్యాటరీ సైరన్ లాగే కరెంటు ధాటికి పది వోల్టుల కిందికి జారిపోయి, సైరన్ మూలిగి ఆగిపోతుంది. ఇరుగుపొరుగుకు ముందే చెప్పి పగటిపూట చేయాల్సిన పని ఇది. కొత్త బ్యాటరీ వేసిన రోజే దాని నెత్తిన మార్కర్‌తో తేదీ రాసి ఉంచితే మళ్లీ ఎప్పుడు మార్చాలో తడుముకోనక్కర్లేదు.

మన దేశంలో అలారాలను చంపేది చాలాసార్లు మరిచిపోయిన రీచార్జ్. ఆపదొస్తే ఫోన్ చేయడానికి ప్యానెల్‌లో ఒక సిమ్ వేస్తారు. పెట్టిన కొత్తలో రీచార్జ్ చేయిస్తారు. ఎవరూ దాంతో మాట్లాడరు కనుక అదొకటుందన్న సంగతే మరుస్తారు. గడువు దాటితే ముందు ఔట్‌గోయింగ్ పోతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే టవర్ అందుతోంది, కాల్ పంపే హక్కే లేదు. ఆ తర్వాత నంబరే రద్దవుతుంది. పాత ప్యానెళ్లలో 2జీ మాడ్యూల్ ఉంటుంది. 4జీ మాత్రమే నడిపే నెట్‌వర్క్ సిమ్ వేస్తే అది అసలు ఎక్కదు. నెల నెలా సెన్సర్ పరీక్షతో పాటు ప్యానెల్ నుంచి మీ ఫోన్‌కు ఒక కాల్ తెప్పించుకుంటే సిమ్ సంగతి కూడా తేలిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పుకున్నది మోగాల్సినప్పుడు మోగకపోవడం గురించి. మోగకూడనప్పుడు మోగడం కూడా అంతే చేటు. అమెరికా నగరాల్లో పోలీసులకు వచ్చే దొంగల అలారాల్లో 90 శాతానికి పైగా ఉత్తుత్తివేనని తేలడంతో, సాల్ట్ లేక్ సిటీ 2000 చివర్లో ఒక నియమం పెట్టింది. ఎవరైనా కళ్లతో చూసి నిజమేనని చెబితే తప్ప అలారం మోగినంత మాత్రాన పోలీసులు కదలరు. కఠినంగా అనిపిస్తుంది కానీ లెక్క వాళ్ల వైపే ఉంది. ఉదాహరణకు నూరు ఇళ్ల కాలనీలో ఏడాదికి ఒక ఇంట్లో దొంగతనం జరుగుతుందని అనుకుందాం. ప్రతి ఇంటి అలారం ఏడాదికి రెండుసార్లు మాత్రమే అనవసరంగా మోగుతుందనీ, నిజం దొంగను తప్పకుండా పట్టిస్తుందనీ అనుకుందాం. ఏడాదికి మొత్తం 201 మోతలు, అందులో నిజమైనది ఒకటి. యంత్రం ఎంత మంచిదైనా, దొంగతనం అరుదు కావడమే మోతకు విలువ లేకుండా చేస్తుంది. ఐదోసారి మోగేసరికి పక్కింటివాళ్లు దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంటారు.

ఉత్తుత్తి మోతల్లో పెద్ద వాటా మనుషులదే. తెల్లవారుజామున పాలవాడి కోసం తలుపు తీసే పెద్దాయన, కోడ్ చెప్పకుండా తాళాలు మాత్రం అప్పగించిన పనావిడ, ఊరి నుంచి చెప్పకుండా దిగిన మేనమామ. ఇంట్లో ఉండగా తలుపుల సెన్సర్లు మాత్రమే కాచే ‘స్టే’ మోడ్ ఒకటుంటుంది. దాన్ని ఇంట్లో పెద్దవాళ్లందరి చేతా రెండు మూడుసార్లు చేయిస్తే తప్ప వంటబట్టదు. లోపలికి వచ్చాక కోడ్ కొట్టడానికి ఇచ్చే వ్యవధి 30 సెకన్లుగా పెట్టి ఇస్తారు. చేతిలో సంచులు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు అది చాలదు, 45కు పెంచించండి. పనివాళ్లకు వేరే కోడ్ ఇస్తే మానేసినప్పుడు అదొక్కటే తీసేయొచ్చు. టెక్నీషియన్ వాడే ఫ్యాక్టరీ కోడ్‌ను బిగించిన రోజే మార్పించాలి.

కోడ్ మాటొచ్చింది కనుక కాస్త పక్కకు వెళదాం. నాలుగంకెల కోడ్‌లు పది వేలు. కానీ మూడేళ్లు ఒకే కోడ్ కొట్టిన కీప్యాడ్‌ను పక్కవాటంగా వెలుతురులో చూడండి. నాలుగు మీటలు మాత్రమే నునుపు తేలి మెరుస్తుంటాయి. అప్పుడు పది వేలు కాస్తా 24కు దిగుతాయి. మెరిసేవి మూడే అయితే ఇంకా తక్కువవుతాయని మనసు చెబుతుంది, నిజానికి 36 అవుతాయి. ఏ అంకె రెండుసార్లు వచ్చిందో తెలియదు కాబట్టి. కోడ్‌లో ఒక అంకె రెండోసారి వచ్చేలా పెట్టుకుంటే లాభమే. అప్పుడప్పుడు కోడ్ మార్చి అన్ని మీటలనూ సమానంగా అరగనిస్తే ఇంకా లాభం.

సైరన్ శక్తిని డబ్బా మీద 110 డెసిబెల్స్ అని రాస్తారు. అది సాధారణంగా మీటరు దూరంలో కొలత. ఆరుబయట దూరం రెట్టింపయ్యే కొద్దీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పది మీటర్ల దగ్గర 90, నూరు మీటర్ల దగ్గర 70. మధ్యలో గోడలు, మూసిన కిటికీలు, అవతల ఏసీ హోరు ఉంటే అందులో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. హాల్లో పెట్టిన సైరన్ లోపలికొచ్చినవాడిని బెదరగొట్టడానికి సరిపోతుంది. వీధికి వినపడాలంటే బయట, అందనంత ఎత్తులో, మరొకటి ఉండాలి. శబ్ద కాలుష్య నియమాలు (2000) నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ 45 డెసిబెల్స్‌ను ప్రమాణంగా పెట్టాయి. ఊరెళ్లిన ఇంట్లో సైరన్ గంటలకొద్దీ మోగడం కాలనీకి నరకం కనుక, కొద్ది నిమిషాలకు దానంతటదే ఆగేలా ప్యానెల్‌లో సమయం పెట్టించుకోవాలి.

మోత విన్న తర్వాత జరగాల్సింది ఇంకో కథ. న్యూయార్క్ నగరం క్వీన్స్ ప్రాంతంలో ఉండే నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ వేళకాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండేది. పిలిస్తే పోలీసులు ఎప్పటికో గానీ రారు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె తలుపు రంధ్రాల వెనక జరిగే కెమెరా, లోపలి గదిలో టీవీ తెర, మాట్లాడేందుకు మైకు, దూరం నుంచే తలుపు తీసే మీట, ఆపదొస్తే నొక్కే మీట, అన్నీ ఒకే ఏర్పాటులో కూర్చింది. 1966లో దరఖాస్తు చేసిన ఆ పేటెంటు 1969 డిసెంబరులో వచ్చింది. ఇవాళ మనం వీడియో డోర్‌బెల్ అంటున్నదానికి పెద్దమ్మ అది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో, అంటే తాళం వేసిన ఇళ్ల నిఘాలో, ఈ ఆలోచన ఇంకో మలుపు తిరిగింది. ఊరెళ్లేముందు యాప్‌లో నమోదు చేసుకుని కోరితే పోలీసులే వచ్చి కదలికను పసిగట్టే కెమెరా పెడతారు, సంకేతం నేరుగా వాళ్లకే చేరుతుంది, డబ్బు తీసుకోరు. మధ్యలో మనం మరిచిపోయే రీచార్జ్, నిద్రపోతున్న పక్కింటివాళ్లు లేకపోవడమే దాని బలం. మీ ప్రాంతంలో ఇప్పుడు నడుస్తోందో లేదో స్టేషన్‌లో అడిగి తెలుసుకోవాలి.

పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్లలో అలారం సందేశం ఇప్పుడు డల్లాస్‌లోని ఫోన్‌కే ముందు చేరుతోంది. వేసవిలో మనకు రాత్రి రెండున్నర అంటే అక్కడ ముందురోజు సాయంత్రం నాలుగు, అంటే చూసేవాళ్లు మెలకువగానే ఉంటారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. అమెరికా నుంచి 112 నొక్కితే మన పోలీసులకు వెళ్లదు. అందుకని ఇంటికి దగ్గరి పోలీస్ స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబరును +91తో, ఎస్టీడీ కోడ్‌తో ఫోన్‌లో దాచుకుని, ఒకసారి పనివేళల్లో చేసి కలుస్తోందో లేదో చూసుకోవాలి. దాని కిందే వాచ్‌మన్ నంబరు, తాళం చెవి ఉన్న చుట్టాల నంబరు, అదే వీధిలో రాత్రి ఫోనెత్తే అలవాటున్న ఒకరి నంబరు ఉండాలి. ఆ చివరి నంబరు ఎవరిదన్నది అలారం కంపెనీ చెప్పలేదు. వీధిలో నలుగురినీ ఎరిగిన అమ్మనే అడగాలి.